పద్దెనిమిది కాగితాలు

2024 ఏప్రిల్‌లో దుబాయ్‌ని వాన ముంచెత్తిన రోజు, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని ఒక గోదాములో ఇద్దరే ఉన్నారు. ఒకరు మాణిక్యం, అమలాపురం దగ్గరి మనిషి. పదకొండేళ్లుగా ఖరీదైన చిత్రపటాలను పెట్టెల్లో సర్దడం అతని పని. రెండోవాడు వాచ్‌మన్ ఖాదర్ హుస్సేన్, నిజామాబాద్ వాడు.

ఆ పొద్దున మాణిక్యం ఒక చెక్కపెట్టెను పై అర నుంచి దించి నేల మీద పెట్టాడు. అందులో పద్దెనిమిది చిన్న బొమ్మలున్నాయి. నూట డెబ్బై ఏళ్ల కిందట ఒక జర్మన్ చిత్రకారుడు అడవుల్లో, ఏటి గట్ల మీద కూర్చుని, పలక కన్నా చిన్న కాగితాల మీద నూనెరంగులతో వేసుకున్నవి. ఒకదాంట్లో మబ్బు, ఒకదాంట్లో నాచు పట్టిన రాయి, ఇంకోదాంట్లో విరిగిన కొమ్మ. పెద్ద చిత్రాలు వేసే ముందు కంటికీ చేతికీ సాధనగా వేసినవట. బొమ్మల బాగోగులు చూసే అక్షయ మధ్యాహ్నం వచ్చి వాటిని పరీక్షించాలి. ఆ హైదరాబాద్ అమ్మాయి కారు దారిలోనే నీళ్లలో ఆగిపోయింది.

రెండు గంటలకు కరెంటు పోయింది. ఇద్దరూ ముందు షట్టర్ దగ్గర ఇసుక బస్తాలు వేస్తుంటే, నీళ్లు వెనక తలుపు నుంచి వచ్చాయి. తిరిగి చూసేసరికి మోకాలి లోతు. పెట్టె సగం మునిగింది.

మాణిక్యం అక్షయకు ఫోన్ చేశాడు. తుడవద్దనీ, ఒకదాని మీద ఒకటి పెట్టవద్దనీ, రంగువైపు పైకి ఉండేలా విడివిడిగా పరచమనీ ఆమె చెప్పింది.

"నేనే కింద పెట్టానండి మేడమ్," అన్నాడు.

"పెట్టమన్నది నేను. ముందు వాటిని తీయండి మాణిక్యం గారూ."

ఫోన్ ఆగిపోయింది.

ఖాదర్ అట్టముక్క మీద ఒక్కో బొమ్మనూ అందిస్తుంటే, మాణిక్యం నిచ్చెనెక్కి పై అరలో పరిచాడు. పదకొండు చేరాయి. పన్నెండోది మబ్బు బొమ్మ. అందుకునేసరికి దాని రంగు పాల మీది మీగడలా జారి నీళ్లలో పడింది. చేతిలో ఉత్త కాగితం మిగిలింది. అతను దిగి నీళ్లలో చేతులు పెట్టి వెతికాడు. వేళ్లకేమీ అంటలేదు.

"బస్ అన్నా, ఖలాస్," అన్నాడు ఖాదర్. "కరెంట్ మల్ల వస్తే ఇద్దరం సస్తం. పోదాం పా."

"నువ్వెళ్లు. ఇంకా ఆరున్నాయి."

ఖాదర్ వెళ్లాడు. కాని బయటికి కాదు. గోడ వెంట తడుముకుంటూ పోయి మెయిన్ స్విచ్ దించి తిరిగొచ్చాడు. మిగిలిన ఆరింటిలో నాలుగు దక్కాయి. రెండు చేతుల్లోనే చివికిపోయాయి. తాను ఏడుస్తున్నట్టు మాణిక్యానికి ఖాదర్ భుజం పట్టుకున్నప్పుడు గాని తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్షయ ఆ నీళ్లలో నడిచే వచ్చింది. పదిహేను బతుకుతాయని చెప్పింది. రిపోర్టులో పెట్టె దించమన్నది తానేనని రాసి సంతకం చేసింది. వారం తిరక్కుండానే ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు.

మేనేజర్ని అక్కడ ముదీర్ అంటారు. మాణిక్యం ముదీర్ గదిలోకి వెళ్లాడు. పెట్టె మోసి కింద పెట్టింది తన చేతులేననీ, తప్పు తన పేర కూడా రాయమనీ వచ్చీరాని హిందీలో అడిగాడు. ముదీర్ తలెత్తలేదు. సామాను వచ్చింది, పోయి దించుకోమన్నాడు. మాణిక్యం పోయి సామాను దించాడు.