సాయంత్రం గంటకి ఎవరి మెడలో

నేను ఒక చెక్కబిళ్లను. అరచెయ్యంత ఉంటాను. పైన చిల్లు, చిల్లులో ఉన్నితాడు. మెడలో వేసుకునేదాన్నే గానీ నగ అనుకునేరు, కొంప మునుగుతుంది! నన్ను వేసుకున్న పిల్లల్లో ఒక్కరు కూడా అద్దంలో చూసుకోలేదు.

నేను పుట్టింది పెరూ కొండల్లో. అక్కడివాళ్ల భాష కెచువా. దాదాపు ఐదు వందల ఏళ్ల కిందట స్పెయిన్ వాళ్లు ఓడలేసుకుని వచ్చారు, బంగారం పట్టుకెళ్లారు, తమ భాషను మాత్రం ఇక్కడే దింపి పోయారు. అది కోర్టులో కూర్చుంది, చర్చిలో కూర్చుంది, చివరికి బడిలోకి వచ్చి కుర్చీ వేసుకుంది. మాకు ఉత్తరాది దేశాల్లో ఇంగ్లీషుకూ, తూర్పున పక్కదేశంలో పోర్చుగీసుకూ ఇలాగే చాకిరీ చేసిన బెత్తాలున్నాయట. మా ఊళ్లో ఆ చాకిరీ నా నెత్తిన పడింది.

నన్ను చేసిన వడ్రంగి ఇలారియోకి స్పానిష్ ముక్క రాదు. బడి మాస్టారు వచ్చి కొలత చూపిస్తే, "ఏ కుండకు మూతయ్యా ఇది?" అని తన భాషలో అడిగాడు. మాస్టారు కొలత ఇంకోసారి చూపించి వెళ్లిపోయాడు. మూతే కాబోలనుకుని నున్నగా చిత్రిక పట్టి ఇచ్చాడు పాపం. ఇంట్లోనూ అలాగే చెప్పుకున్నాడట. ఆ బడిలోనే చదువుతున్న ఆయన కూతురు ఫోర్తునాతా అసలు సంగతి తెలిశాక కూడా నాన్న మాట కాదనలేదు.

పద్ధతి ఇదీ. పొద్దున్నే కెచువా మాట్లాడుతూ దొరికిన మొదటి పిల్ల మెడలో నన్ను వేస్తారు. ఆ పిల్ల ఇంకొకరి నోట కెచువా విని, వాళ్ల మెడలోకి నన్ను మార్చాలి. సాయంత్రం గంట కొట్టేసరికి నేనెవరి మెడలో ఉంటే వాళ్ల అరచేతుల మీద పది దెబ్బలు. మాస్టారు కాలు కదపక్కర్లేదు, పిల్లలే ఒకరికొకరు పోలీసులు. ఎంత తెలివండీ మనుషులది! నన్ను వేసుకున్నవాళ్లు పక్కవాళ్లను గిల్లేవారు. నొప్పి పుడితే స్పానిష్‌లో ఎవరేడుస్తారు? "అననావ్!" అని తమ భాషలోనే అరిచేవారు. అంతే, నేను మెడ మారిపోయేదాన్ని. గంట దగ్గరపడేకొద్దీ నా తాడు పట్టుకున్న వేళ్లకు చెమటలు పట్టేవి, నా గుండె దడదడలాడేది. చెక్కకు గుండేమిటి అంటారా? పిల్లల గుండెల మీద రోజూ వేలాడి చూడండి, మీకే తెలుస్తుంది.

ఫోర్తునాతాకు గిల్లడం చేతకాదు. పొద్దున్నే నోరు జారి దొరికిపోయేది, ఇక నేను అక్కడే. వరసగా మూడు సాయంత్రాలు. అరచేతులు చిట్లి చీము పట్టాయి. నాలుగోరోజు వేళ్లు ముడుచుకోలేదు, పలక జారిపోయింది. ఇంకో పది పడితే ఆ చేతులు మళ్లీ దేనికైనా పనికొస్తాయా అని నాకు ఒకటే భయం. ఎవరో ఒకర్ని గిల్లవే తల్లీ అని మొత్తుకున్నాను. నా మాట ఎవరికి వినిపిస్తుంది?

గంటకు కాస్త ముందు, పక్కన కూర్చునే ఎవుసేబియా లేచి నిలబడింది. తరగతి అంతా వినేలా కెచువాలో అంది: "ఇటివ్వవే. ఇవాళ నా వంతు."

ఆ కొండల్లో ఐనీ అని ఒక ఆనవాయితీ ఉంది. ఇవాళ నీ బంగాళదుంపలు నేను తవ్విపెడతాను, రేపు నా ఇంటికప్పు నువ్వు వేసిపెట్టు. పిల్లలు దాన్నే పట్టుకున్నారు. ఎవుసేబియా తర్వాత మరొకరు, ఆ తర్వాత ఇంకొకరు. ముప్ఫై ఒక్కమంది కాబట్టి చేతులు మానేలోగా మళ్లీ వంతు రాదు. గిల్లుళ్లు ఆగిపోయాయి. రోజూ గంటకు ముందు ఒకరు లేచి, "ఇవాళ నా వంతు" అని తల వంచేవారు. మాస్టారు కొట్టాడు, కొట్టాడు, మూడు వారాలకు ఆయన మొహమే వాడిపోయింది. ఒక పొద్దున నన్ను బీరువాలో పడేసి తాళం వేశాడు.

హమ్మయ్య, గెలిచాం అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

ఇప్పుడు పట్నంలో మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. నా కింద స్పానిష్‌లో ఒక చీటీ, పక్కన ఇంగ్లీషులో ఇంకొకటి. కెచువాకు చోటు చాలలేదట.

మొన్న ఒక ముసలామె మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. అద్దానికి ఆనించిన అరచేతి మీది మచ్చలు చూసి గుర్తుపట్టాను. ఫోర్తునాతా!

"ఏంటమ్మమ్మా ఇది?" అని పిల్ల స్పానిష్‌లో అడిగింది.

"ఏదో కుండ మూతలే, పద," అని ఫోర్తునాతా కూడా స్పానిష్‌లోనే అంది.

ఆ పిల్లకు కెచువా రాదని అప్పుడర్థమైంది. తన కడుపున పుట్టినవాళ్లకు దెబ్బలు పడకూడదని ఆ తల్లి ఇన్నేళ్లూ తన భాషను నోట్లోనే కట్టేసుకుంది కాబోలు. నా ప్రాణం ఉసూరుమంది. బీరువాలో ఉన్నన్నాళ్లూ నేను ఆమె మెడలోనే ఉన్నానన్నమాట.

రెండడుగులు వేసి ఆగింది. చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. గిరుక్కున వెనక్కొచ్చి, కాపలా అతను తిరిగి చూసేంత గట్టిగా కెచువాలో అంది: "ఇవాళ నా వంతు."

"ఏమన్నావమ్మమ్మా?"

ఫోర్తునాతా ఒక్కొక్క మాటే విడదీసి మళ్లీ అంది. పిల్ల కూడబలుక్కుని అనబోయి, మొదటి మాటే తప్పింది. అమ్మమ్మ దాని చెయ్యి పట్టుకుని, ఇంకోసారి చెప్పింది.