ఉప్పు పండించే ఆవిడ

మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే ల్యాబ్ నుంచి మా సార్ ఫోన్ చేశారు. సోమవారం ప్రయాణానికి నా బదులు కొత్తగా చేరినతన్ని పంపుతున్నారట.

"అత్తగారికి కంటి ఆపరేషనట కదమ్మా. నువ్వు అడగలేక మొహమాటపడుతున్నావని మీ ఆయనే చెప్పాడు. మంచి మనిషి. నువ్వేం బెంగపెట్టుకోకు."

థాంక్స్ చెప్పాను, అలవాటు కొద్దీ. ఆపరేషన్ సంగతి తెలుసు గానీ, అది సోమవారానికి పెట్టించారని నాకు తెలీదు.

ఇంట్లో నా ఉద్యోగం ఒక జోకు. చుట్టాలొస్తే "మా ఆవిడ ఉప్పు పండిస్తుంది, ఏడాదికి చిటికెడు" అంటాడాయన. అందరూ నవ్వుతారు, నేను కాఫీలందిస్తాను. నేను ల్యాబ్‌లో పెంచేవి చూడ్డానికి ఉప్పు రవ్వల్లా ఉంటాయన్న మాట నిజమే. ఒక వైరస్ మన ఒంట్లో పెరగడానికి వాడుకునే ప్రోటీన్ స్ఫటికాలవి. అది తెచ్చే జ్వరానికి ఇప్పటికీ మందు లేదు. ప్రోటీన్ ఆకారం తెలిస్తే, దాని సందులో ఏ మందు ఇరుక్కుని పని ఆపుతుందో వెతకొచ్చు. తెలియాలంటే దాన్ని చిన్న నీటిబొట్టులో స్ఫటికాలుగా పెంచి, పెద్ద ఎక్స్‌రే యంత్రం ముందు పెట్టాలి. ఆ యంత్రం వేరే ఊళ్ళో ఉంది. మా వంతు వచ్చేది సోమవారమే, మళ్ళీ ఎప్పుడో తెలీదు. మామూలుగా స్ఫటికాల్ని గడ్డకట్టించి పంపేస్తారు గానీ, మావి గడ్డకట్టిస్తే పగిలిపోయే రకం కాబట్టి, బొట్లతో సహా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి, అక్కడే ఒక్కో స్ఫటికాన్నీ వెంట్రుకంత సన్నటి ఉచ్చుతో ఎత్తాలి. కాస్త ఆలస్యమైతే బొట్టు ఆరిపోతుంది. మొన్న కొత్తతను ఎత్తబోయి, కాఫీలో చక్కెర కలిపినట్టు కలిపేశాడు. పాపం, సారీ కూడా చెప్పాడు. ఆదివారాలు వంట ముగించి, గిన్నెలు తోమి, పరుగున వెళ్ళి ఆ బొట్లను చూసుకున్నది నేను. నాకు కోపం వచ్చింది. రెండో చొక్కా సగంలో ఉండగానే ప్లగ్ పీకేశాను.

సాయంత్రం ఆయన్ని అడిగాను.

"మరి అమ్మ కంట్లో మందెవరు వేస్తారు? నాకా, చేతులు వణుకుతాయి."

"నన్నొక మాట అడగచ్చుగా."

"అడిగితే వెళ్తానంటావు. నీ మంచికే చెప్పానులే. ఆ ఉప్పెక్కడికి పోతుంది!"

"ఊరుకోరా, ఎందుకలా సతాయిస్తావు? అమ్మాయే చూసుకుంటుందిలే" అన్నారు లోపల్నుంచి అత్తగారు. నన్ను వెనకేసుకొచ్చాననే ఆవిడ అనుకుని ఉంటారు.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళగానే సార్‌కి ఫోన్ చేశాను. "నేనే వెళ్తున్నాను సార్."

"మరి ఆపరేషన్?"

"కొడుకున్నాడండీ."

సార్ సరేనన్నారు. తర్వాత మా ఆయన ఆఫీసుకి ఫోన్ చేశాను. వాళ్ళ మేనేజరు మర్యాదస్తుడు, మా ఇంటికి భోజనానికి కూడా వచ్చాడు. తల్లికి కంటి ఆపరేషననీ, దగ్గరుండి చూసుకోవడానికి ఆయనకి వారం సెలవు కావాలనీ, నోరు తెరిచి అడగలేకపోతున్నారనీ చెప్పాను.

"అయ్యో, తప్పకుండా ఇస్తామమ్మా. కానీ నిన్నంతా నాతోనే ఉన్నాడు, ఒక్క మాటైనా అనలేదే!"

"ఆయనకింకా తెలీదండీ" అన్నాను.