వెనక్కి జరిగే పార్కు

కండక్టర్ ఎప్పుడో రిటైరయ్యాడు గానీ ఆయన గొంతుకి మాత్రం ఎవరూ రిటైర్మెంట్ ఇవ్వలేదు. ఆదివారం సాయంత్రాలు సముద్రం ఒడ్డు పార్కు గేటు దగ్గర నారింజ రంగు కోటు తొడుక్కుని నిలబడి, "లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీయే, గేటుకి అడ్డం నిలబడకండి" అని అరుస్తుంటే, జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నిజంగానే లోపలికి జరిగేవారు.

ఆ కోటు తొడుక్కున్నవాళ్ళు ఇంకొందరుండేవారు. ఎవరికీ జీతం లేదు, ఎవరూ రమ్మని పిలవలేదు. అందరికీ పెద్ద ఈల టీచర్. ఒకప్పుడు స్కూల్లో ఆటలు నేర్పించేది, మెడలో ఈల ఇప్పటికీ తియ్యలేదు. జనం పారేసిన ఐస్‌క్రీం కప్పులు ఏరడం, పూలమొక్కల్లోకి దిగి ఫోటోలు తీసుకునేవాళ్ళని బతిమాలి పైకి రప్పించడం, తప్పిపోయిన పిల్లల్ని అమ్మల దగ్గరికి చేర్చడం వాళ్ళ పని. పిల్లలు దొరికాక అమ్మలు తప్పిపోయిన రోజులూ ఉన్నాయి.

వానాకాలం వస్తే పని రెట్టింపయ్యేది. సముద్రం ఏటా కాస్త ముందుకొచ్చేది, పార్కు కాస్త వెనక్కి జరిగేది. ముందుగా సరుగుడు చెట్లు వేళ్ళు వదులు చేసుకుని, బట్టలు తడవకుండా ఎత్తిపట్టుకున్నట్టు ఇసకలోంచి మెల్లిగా లేచేవి. తర్వాత పూలమొక్కలు గుంపుగా కదిలేవి. అందరికన్నా ఆఖర్న, విసుక్కుంటూ, ముసలి బాదం చెట్టు బయల్దేరేది. అవి వదిలేసిన గుంటల్లో పిల్లలు పడకుండా ఇసకతో పూడ్చాలి. బెంచీలు మోసుకెళ్ళి మళ్ళీ నీడలో వెయ్యాలి. కొత్త చోట వేళ్ళకి మంచినీళ్ళు పొయ్యాలి. కండక్టర్ చెట్ల వెనకే నడుస్తూ, "రైట్, రైట్... హోల్డాన్! వెనక చిన్న మొక్కుంది, చూసుకో" అని కేకలేసేవాడు.

పార్కు వెనక ఒకప్పుడు వరసగా ఇళ్ళుండేవి. అందరూ అమ్ముకుని వెళ్ళిపోగా మిగిలింది ఒక్క ఇల్లు. అందులో కండక్టర్ చెల్లెలు ఒక్కత్తే ఉండేది. ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది కాబట్టి అందరికీ టైలరమ్మ. ముందు తలుపు తీస్తే పార్కు, వెనక తలుపు తీస్తే పాత ఇటుకబట్టీ మైదానం.

ఆమెకి పార్కంటే పడేది కాదు. "మీ జనం మా కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటారు. మీ చెట్లు మా గచ్చు లేపుతున్నాయి. మొన్న మిషను కిందకి వేరొచ్చింది అన్నయ్యా, తొక్కుదామంటే కాలు పెట్టే చోటు లేదు."

"అందుకేగా మా ఇంటికి వచ్చెయ్యమంటున్నాను. నీ వదిన గది సర్ది పెట్టింది కూడా."

"నేనొచ్చేస్తే ఆయనొచ్చి ఎవర్ని అడుగుతాడు?"

కండక్టర్ బావ ఓడ ఉద్యోగానికని ఆ ముందు తలుపులోంచే వెళ్ళాడు. ఓడ మునిగిందని ఎవరూ చెప్పలేదు, ఒడ్డు చేరిందనీ ఎవరూ చెప్పలేదు. ఆయన వెళ్ళేటప్పుడు పెళ్ళికూతురిలా ఉన్న మనిషికి ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలంటే కళ్ళజోడు కావాలి. అయినా ఆమె ఆ ఇల్లు కదలలేదు. చెప్పి చెప్పి అన్నయ్యే అలిసిపోయాడు.

ఆ ఏడు వేసవిలో గోడ కట్టడం మొదలుపెట్టారు. ఇటుకబట్టీ మైదానంలో పెద్ద పెద్ద భవనాలు వస్తాయట. గోడ పార్కు పొడుగునా సాగి, టైలరమ్మ ఇంటి దగ్గర ఆగి, ఇల్లు దాటాక మళ్ళీ మొదలైంది. ఇల్లు ఇవ్వనంది కదా, దాన్నే గోడలో కలిపేసుకున్నారు.

ఈల టీచర్ వలంటీర్లందర్నీ వెంటేసుకుని ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది.

"వానాకాలం వస్తే చెట్లు అటు వెళ్తాయి కదండీ?"

"వెళ్తాయనేగా గోడ," అన్నాడు ఇంజనీరు.

"మరి అవెక్కడికి పోవాలి?"

ఇంజనీరు తల గోక్కున్నాడు. "నాకు మాత్రం సరదానా మేడమ్? మా పిల్లలూ ఇక్కడే ఆడుకుంటారు. పైనుంచి చెప్పారు, కడుతున్నాను. మీరు పైవాళ్ళని అడగండి."

పైవాళ్ళని అడిగారు. వాళ్ళు ఇంకా పైకి చూపించారు. ఆ పైన ఎవరున్నారో ఎవరికీ తెలియలేదు. ఈలోగా గోడ పూర్తయింది.

వానలు పడ్డాయి. చెట్లు ఎప్పటిలాగే వెనక్కి జరిగి, గోడకి వీపు ఆనించి నిలబడిపోయాయి. సముద్రం మాత్రం ఆగలేదు. ఉప్పునీళ్ళు వేళ్ళదాకా వచ్చి, సరుగుడు కొసలు ఎర్రబడ్డాయి. వలంటీర్లు పొద్దున్నే బకెట్లతో మంచినీళ్ళు మోసి ఉప్పు కడిగేవారు. సాయంత్రానికి కెరటం వచ్చి మళ్ళీ ఉప్పు పోసేది. "మనం చేస్తున్నది పనేనా టీచర్ గారూ?" అని కండక్టర్ ఒకసారి అడిగాడు. ఆవిడ ఇంకో బకెట్ అందుకుంది. జనం మాత్రం తగ్గలేదు. సగమైపోయిన పార్కులోనే భుజాలు రాసుకుంటూ తిరిగి, బాగుంది బాగుంది అనుకుంటూ వెళ్ళేవారు.

తర్వాత తుఫాను వచ్చింది. పొద్దున్నే గేటు మూసేశారు. మధ్యాహ్నానికి ఈడ్చి కొడుతున్న వానలో వలంటీర్లు పార్కు లోపల నిలబడి చూస్తున్నారు. చెయ్యడానికేం లేదు. కెరటాలు బెంచీల మీదనుంచి పొర్లుతున్నాయి. చెట్లు ఆఖరి బస్సు దగ్గర జనంలా గోడ పొడుగునా ఒత్తుకుని, అటూ ఇటూ కదిలి, చివరికి అన్నీ ఒకేచోటికి చేరాయి, టైలరమ్మ గుమ్మం ముందుకి.

ఈల టీచర్ కండక్టర్ వైపు చూసింది. "మీ చెల్లెల్ని ఒక్కమాట అడగరాదూ?"

"ఏమని అడగను? అది ప్రాణం పెట్టుకున్న ఇల్లండీ. నేను అడగలేను." ఆయన ముఖం తుడుచుకున్నాడు. వానలో ఏం తుడుచుకున్నాడో ఆవిడకి తెలియలేదు.

టైలరమ్మ కిటికీలోంచి చాలాసేపటినుంచి చూస్తూనే ఉంది. గుమ్మానికి అన్నిటికన్నా దగ్గరగా మోకాలంత సరుగుడు పిల్ల ఒకటి నీళ్ళలో వణుకుతోంది. ఆమె కిటికీ మూసింది. మళ్ళీ తీసింది. "దరిద్రం, దరిద్రం" అని తిట్టుకుంటూ వెళ్ళి వెనక తలుపు బార్లా తెరిచింది. వచ్చి ముందు తలుపూ తెరిచింది.

"అన్నయ్యా! నిలబడి చూస్తావేం? వచ్చి ఈ మిషను పక్కకి లాగు!"

సరుగుడు పిల్ల ముందు లోపలికి వచ్చింది. దాని వెనక పూలమొక్కలు, వాటి వెనక పెద్ద చెట్లు. కొమ్మలు దగ్గరికి ముడుచుకుని, గుమ్మం దగ్గర వంగి, ముందుగదిలోంచి వంటగదిలోకి, వంటగదిలోంచి మైదానంలోకి వెళ్ళాయి. గచ్చు పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. సగం కుట్టిన బట్టలు కొమ్మలకి తగులుకుని వాటితోపాటే వెళ్ళిపోయాయి. కండక్టర్ గొంతెత్తాడు. "ఒక్కొక్కళ్ళే, ఒక్కొక్కళ్ళే! తోసుకోకండి, అందరికీ చోటుంది! రైట్, రైట్!" వలంటీర్లు బెంచీలు భుజానికెత్తుకుని చెట్ల మధ్యలో నడిచారు. గోడలు బీటలు తీసి, వంటగది కప్పు ఒక పక్కకి ఒరిగింది. టైలరమ్మ తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడింది, ఇంటికొచ్చిన వాళ్ళని సాగనంపుతున్నట్టు.

వెలుగు తగ్గేసరికి ముసలి బాదం ఒక్కటే మిగిలింది. దాని మొదలు గుమ్మానికి రెండింతలుంది. ఒకసారి భుజం ఆనించింది. ఇల్లంతా కిర్రుమంది.

"గుమ్మం చౌకట్టు కొట్టెయ్ అన్నయ్యా," అంది టైలరమ్మ.

"కొడితే కప్పు కూలి మన మీదే పడుతుందే."

"పడనీ!"

ఆయన గడ్డపార తెచ్చాడు, ఎత్తాడు, కప్పు వైపు చూసి దించేశాడు. బాదం చెట్టు కాసేపు ఆగి చూసి, ఎవరినీ ఏమీ అనకుండా వెనక్కి తిరిగి, గుమ్మానికి అడ్డంగా, సముద్రానికి ఎదురుగా వేళ్ళు దించుకుంది. తర్వాత వచ్చిన కెరటం దానికి తగిలి విరిగింది.

టైలరమ్మ దాని బెరడు మీద చెయ్యి వేసింది. కళ్ళజోడు నిండా నీళ్ళు.

"నువ్వుంటావా ఇక్కడ?" అని అడిగింది. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, "సరే. ఆయనొస్తే, నేను అన్నయ్య వాళ్ళింట్లో ఉన్నానని చెప్పు" అంది.

తర్వాత మిషను ఒక పక్క అన్నయ్యా, ఒక పక్క తానూ పట్టుకుని వెనక తలుపులోంచి బయటికి నడిచారు. కాసేపటికి వెనక ఇల్లు కూలిన చప్పుడైంది. ఆమె తిరిగి చూడలేదు. చూద్దామనుకున్నది కండక్టరే, ఆయనకీ ధైర్యం చాలలేదు.

మైదానంలో దిగిన పార్కుని అక్కణ్ణుంచి లేపే దారి పైవాళ్ళకి దొరకలేదు. భవనాల సంగతి తర్వాత చూద్దామన్నారు. గేటు కొత్త చోట పెట్టారు. టైలరమ్మ, వదిన సర్దిన గదిలో పడుకుంటోంది. మొదటిరోజు పొద్దెక్కేదాకా లేవకపోతే వదిన కంగారుపడి తలుపు కొట్టింది. ఇన్నేళ్ళూ అడుగుల చప్పుడికి చెవి ఒగ్గి పడుకున్న మనిషి ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది.

వానలు వెలిశాక ఒక ఆదివారం పొద్దున్న అన్నాచెల్లెళ్ళు గోడెక్కి చూశారు. అటువైపంతా నీళ్ళే. నీళ్ళ మధ్య బాదం చెట్టు. ఒక పక్క ఆకులన్నీ రాలిపోయి, ఇంకో పక్క కాస్త పచ్చగా ఉంది. కూలిన ఇంటి దిబ్బ గోడ సందుని పూడ్చేసింది, ఆ నీళ్ళలో అక్కడికి మంచినీళ్ళు పట్టుకెళ్ళే దారి లేదు. కండక్టర్ బకెట్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

టైలరమ్మ చాలాసేపు చూసింది. తర్వాత, తన కొలతకి తానే బిగించి కుట్టుకున్న నారింజ రంగు కోటు గుండీలు పెట్టుకుంది.

"దిగు అన్నయ్యా," అంది. "జనం వచ్చే వేళయింది."