దసరా బొట్టు పెట్టిన మాస్కు

గ్యాసు ప్రమాదాల మీద శిక్షణ అయిపోయిందన్నాడు ఇంజనీరు ప్రమోద్. గోడకి బ్యానరు కట్టారు, దాని ముందు ఫోటో దిగారు, అంతే. "సంతకాలు పెట్టేసి టీ తాగండి" అంటూ రిజిస్టరు చాచాడు.

గౌరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నీటిశుద్ధి కేంద్రంలో పంపులు చూసేది ఆమే. పోయిన నెల అక్కడే క్లోరిన్ సిలిండరు కారింది. లోపల పనిలో ఉన్న ఆమె మేనమామ సూర్యారావు, ఊళ్లో గడ్డికుప్ప అంటుకున్నప్పుడు చేసినట్టే, తడి తువ్వాలు మూతికి కట్టుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు. పొగైతే పైకి పోతుంది. ఈ గ్యాసు నేలబారునే పాకుతుందని అతనికి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. ఉన్న ఒక్క మాస్కూ, ఆయుధపూజనాడు పెట్టిన కుంకుమ బొట్టుతో సహా, తాళమేసిన అద్దాల బీరువాలో భద్రంగా ఉంది. నాలుగో రోజున మామ పోయాడు.

"ఏటి బాబూ శిక్షణ? సంతకం తరవాత పెడతాను. ముందు ఆ మాస్కు మీరు తొడుక్కుని సూపించండి," అంది గౌరి.

"అదేమన్నా బ్రహ్మవిద్యా?" అని ప్రమోద్ బీరువా తెరిపించి మాస్కు తగిలించుకున్నాడు. దాని ఫిల్టరుకున్న మూత ముందు తీయాలని అతనికీ తెలియదు. పట్టుమని పది సెకన్లు కాకుండానే ముఖం కందిపోయింది. మాస్కు పీకి పారేసి, నోరు తెరుచుకుని ఆబగా గాలి పీల్చాడు.

గౌరి రిజిస్టరు మూసి అతని చేతిలో పెట్టింది.

"పీకేస్తే పీల్సుకోడానికి మీకు గాలున్నాది బాబూ. మా మావకి అదీ లేకపోయింది."