స్టూలు మీద నుంచి లేవనివాడు

షిఫ్టు దిగిన వెల్డర్ ఇంటికి పోయేముందు సెలూన్‌కి పోయేవాడు. గడ్డం గీయించుకోవడానికి కాదు, వాదించడానికి. అక్కడ రెండు తిరిగే కుర్చీలు, గోడవారగా ఓ బెంచీ, అద్దాల పైన ఒక పాత టీవీ ఉండేవి. సెలూన్ నడిపే అతనికి బాక్సింగ్ పిచ్చి. పాతకాలపు హెవీవెయిట్ పోటీలు ఎక్కడెక్కడివో సంపాదించి రోజూ అవే వేసేవాడు. చెంపల నిండా నురగతో కూర్చున్నవాళ్లు కూడా మంచి దెబ్బ పడినప్పుడు తల తిప్పి చూడబోయేవారు. కత్తి మెడ మీద ఉందన్న సంగతి అతను గుర్తు చెయ్యాల్సి వచ్చేది.

బెంచీ మీద ఎప్పుడూ ముగ్గురే. వెల్డర్, అతని బావమరిది, పక్కవీధి డ్రాయింగ్ మాష్టారు. బావమరిది బస్సు డ్రైవరు. మాష్టారు ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా కాలమైంది.

బాక్సర్లను వాళ్లు అసలు పేర్లతో పిలిచేవాళ్లు కాదు. ఎన్ని గుద్దులు తిన్నా పడని బండమనిషి పేరు కొండ. ఎంత విసిరినా దెబ్బ తగలనివ్వకుండా జారిపోయేవాడి పేరు నీడ. మొదట్లోనే ఎదుటివాణ్ణి దంచి, వాడు పడకపోతే తనే నోరు తెరుచుకుని ఒగర్చేవాడు రోకలి. రోకలి మాష్టారి మనిషి. మీవాడు కొత్తల్లుడిలాంటివాడు మాష్టారూ, రావడం హడావుడిగా వస్తాడు, పని దగ్గరికొచ్చేసరికి నడుంనొప్పంటాడు అని బావమరిది ఏడిపించేవాడు.

అసలు పోరు కొండకీ నీడకీ మధ్య. వెల్డర్ కొండ పక్షం. బావమరిది నీడ పక్షం. కొండ కాళ్లు సిమెంటులో పాతినట్టుంటాయనీ, ఒక గుద్దు విసిరాక ఎడమచెయ్యి కిందికి వదిలేసి దవడ అప్పజెప్పేస్తాడనీ బావమరిది అనేవాడు. దవడ అప్పజెప్పినా పడ్డాడా అని వెల్డర్ అడిగేవాడు. నీడ దెబ్బలో బరువేదీ, దోమని తోలినట్టు తోలుతాడు గానీ అనేవాడు. చివరికి మాట నీడ ఆఖరి పోటీ దగ్గరికి వచ్చేది. ఆ పోటీలో నీడకి ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండు రౌండ్ల మధ్య విరామంలో స్టూలు మీద కూర్చున్నాడు, గంట మోగినా లేవలేదు. ఆ ఒక్కదానితో వాడి పేరంతా గంగలో కలిసిందని వెల్డర్ తేల్చేసేవాడు. అక్కడికొచ్చేసరికి బావమరిది ఎందుకో నోరు మూసుకునేవాడు. వెల్డర్ గెలిచినవాడిలా తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి పోయేవాడు.

వెల్డర్ కొడుకు కూడా బాక్సింగ్ ఆడాడు. చిన్నప్పటినుంచీ తండ్రే నేర్పాడు. నగర పోటీల ఫైనల్లో ఎడమకంటికి దెబ్బలు తగిలాయి. పోటీ గెలిచాడు, కప్పు తెచ్చాడు, కన్ను పోగొట్టుకున్నాడు. డాక్టరు ఆలస్యం చేశాడని వెల్డర్ చెప్పుకున్నాడు. అవతలివాడి గ్లోవ్స్ కుట్లు సరిగ్గా లేవన్నాడు. రిఫరీ గుడ్డివాడన్నాడు. అది చెప్పి చెప్పి తనే నమ్మేశాడు. కొడుకు పార్సిళ్ల గోడౌన్లో మూటలు ఎత్తే పనిలో చేరాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు.

మేనల్లుణ్ణి ఆ మూటల నుంచి తప్పించాలని బావమరిదికి ఎప్పటినుంచో ఉండేది. పార్సిళ్ల ఆఫీసులో తెలిసినవాళ్లని పట్టుకుని, వాళ్లని బతిమాలి, చిన్న వ్యాను నడిపే పనికి ఒప్పించాడు. ఇక మిగిలింది కంటి పరీక్షే. ఒక కన్ను బాగున్నవాళ్లని కూడా కొన్నిచోట్ల తీసుకుంటారని ఎవరో చెప్పారు. ఆ ఆశతో పంపాడు.

పరీక్ష అయిన రోజు సాయంత్రం కొడుకు నేరుగా సెలూన్‌కి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ అక్కడ అడుగుపెట్టినవాడు కాదు. మాష్టారు జరిగి చోటిచ్చారు. ఏమైందిరా అని మేనమామ అడిగాడు.

"ఎడమకన్ను మూసుకుని చదవమన్నారు. కింది వరస దాకా గడగడా చదివా. తర్వాత కుడికన్ను మూసుకోమన్నారు మావయ్యా. బోర్డు ఏ గోడకుందని అడిగా."

సెలూన్ అతను నవ్వబోయి ఆపుకున్నాడు. మేనమామ తల దించుకున్నాడు. వెల్డర్ టీవీ వైపు తిరిగాడు. టీవీలో అదృష్టమో దురదృష్టమో నీడ ఆఖరి పోటీయే నడుస్తోంది. అటు చెయ్యి చూపించి, ఇదిగో ఇప్పుడు కూర్చుంటాడు, చూడండి, ఇక లేవడు, ఇలాంటివాణ్ణి గొప్పవాడంటారా అని మొదలుపెట్టాడు. రోజూ అనే మాటలే. ఆ రోజు కాస్త గొంతు పెంచి అన్నాడు.

కొడుకు టీవీ వైపు చూశాడు. మెడ పూర్తిగా తిప్పితే గానీ అతనికి తెర కనపడదు.

"లేచుంటే ఏమయ్యేది నాన్నా?"

"గెలిచేవాడేమో. ఓడినా మర్యాదగా ఓడేవాడు."

"ఇప్పుడేం చేస్తున్నాడు వీడు?"

ఎవరిని అడిగాడో తెలియలేదు. మాష్టారు జవాబు చెప్పారు. ముసలివాడైపోయాడనీ, మనవల్ని రోజూ బడి దగ్గర దింపి వస్తాడనీ ఎక్కడో చదివానన్నారు.

"కారులోనా?"

"కారులోనే. తనే నడుపుకుంటూ."

మాట జారాక మాష్టారికి అర్థమైంది. అప్పటికే ఆలస్యమైంది. కొడుకు లేచి నిలబడ్డాడు. కోపంగా లేడు. కోపంగా ఉండుంటే బాగుండేదని వెల్డర్‌కి తర్వాత అనిపించింది.

"ఆ రోజు నేను కూడా స్టూలు మీద కూర్చునే ఉన్నా నాన్నా. కనపడట్లేదన్నా. పోటీ ఆపెయ్యమని మావయ్య తువ్వాలు రింగులోకి విసరబోతే నువ్వు చేతిలోంచి లాక్కున్నావు. కొండ లేవలేదా, నువ్వూ లే అన్నావు. లేచా."

సెలూన్ అతను టీవీ గొంతు తగ్గించాడు. కుర్చీలో ఉన్న మనిషి అద్దంలోంచి వీళ్లనే చూస్తున్నాడు.

"ఒక్క రౌండే మిగిలింది. నువ్వే ముందున్నావు," అన్నాడు వెల్డర్.

"తెలుసు. గెలిచాం కదా," అన్నాడు కొడుకు. గోడౌన్‌కి టైమైందని మేనమామకి చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు వెల్డర్ ఊరంతా తిరిగి ఇంటికి చేరాడు. భార్య కంచం పెట్టింది. కొడుక్కి పని రాలేదన్న సంగతి ఆమెకి అప్పటికే తెలుసు. ఆమె తిడుతుందని అతను ఎదురుచూశాడు. తిడితే డాక్టరు సంగతి, గ్లోవ్స్ సంగతి మళ్లీ చెప్పొచ్చు. ఆమె ఏమీ అనలేదు. ఉండబట్టలేక, వాడు నలుగురిలో ఏదేదో వాగాడనీ, తువ్వాలు లాక్కున్నాననీ ఏదో కథ చెప్పాడనీ తనే ఎత్తుకున్నాడు.

"కథేముంది? తమ్ముడు ఆ రోజే చెప్పాడు, ఆస్పత్రి మెట్ల మీద," అంది ఆమె. నీళ్లగ్లాసు అతని ముందు పెట్టి వంటగదిలోకి పోయింది.

అంటే ఇన్నేళ్లూ ఆమెకి తెలుసు. తెలిసే డాక్టరు ఆలస్యం చేశాడన్నప్పుడల్లా తలూపింది. కంచం అలాగే వదిలేసి చేయి కడుక్కున్నాడు.

మర్నాడు సెలూన్‌కి వెళ్లకూడదనుకున్నాడు. వెళ్లకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని వెళ్లాడు. బావమరిది, మాష్టారు, సెలూన్ అతను మామూలుగానే పలకరించారు. టీవీలో కొండ ఎవరితోనో తలపడుతున్నాడు. వెల్డర్ కాసేపు చూసి గొంతు సవరించుకున్నాడు. దెబ్బ తట్టుకోవడంలో ఇలాంటివాడు మళ్లీ పుట్టలేదన్నాడు. బావమరిది వైపు చూశాడు.

"అవును బావా. నువ్వన్నదే కరెక్టు," అన్నాడు బావమరిది.

వెల్డర్ సర్దుకుని కూర్చున్నాడు. చెయ్యి కిందికి వదిలేసే అలవాటొకటి ఉందిలే అని తనే అందించాడు. అదేమంత పెద్ద లోపం కాదు బావా అన్నాడు బావమరిది. మాష్టారు పేపరు మడత విప్పి లోపలి పేజీ చదవసాగారు. సెలూన్ అతను కత్తెర ఆడిస్తూనే ఉన్నాడు, వెనక్కి తిరగలేదు.

"నీడ కాళ్లు మటుకు మంచివే. ఆ కాళ్లు కొండకి లేవు," అన్నాడు వెల్డర్. జీవితంలో మొదటిసారి ఆ మాట అతని నోటినుంచి వచ్చింది. ఎవరో ఒకరు కాదనో ఔననో గట్టిగా అంటారని చూశాడు.

"నువ్వెలా అంటే అలాగే బావా," అన్నాడు బావమరిది. బస్సు తియ్యాలని లేచాడు. అతని డ్యూటీకి ఇంకా చాలా టైముందని బెంచీ మీద అందరికీ తెలుసు.