గెలిచిన ముఖం

మార్కెటింగ్ చదివేవాళ్ళకు ఒక జబ్బు పట్టుకుంటుంది. కాఫీ తాగుతూ కూడా కప్పు మీది అక్షరాలు ఆ రంగులోనే ఎందుకున్నాయా అని ఆలోచిస్తారు. వీధిలో ఎవరైనా కరపత్రం చేతిలో పెడితే చదవరు, మడత ఎలా పెట్టారో చూస్తారు. చిట్టికి ఈ జబ్బు రెండో ఏడాదికల్లా బాగా ముదిరింది. ఎంతలా అంటే, తల్లి పోయిన కబురు బంధువులకు ఫోన్లో టైపు చేస్తున్నప్పుడు కూడా రెండో వాక్యం తీసేస్తే బాగుంటుందనిపించి తీసేసింది. అప్పుడు ఏడుపు రాలేదు, తరవాతా రాలేదు. చూసినవాళ్ళు దాన్ని ధైర్యమన్నారు. చిట్టి కాదనలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయిందని ఆమెకు తెలుసు, కానీ అదేమిటో వెతికే ఓపిక లేదు.

అప్పటినుంచీ పిన్ని దగ్గరే ఉంటోంది. పిన్ని ఒంటరి మనిషి, ఆమెకు ఒక షాపుంది. కొత్త బట్టలు కుట్టదు. ఎవరో కుట్టినవాటిని మనిషికి సరిపోయేలా చేస్తుంది. పొడుగు ప్యాంటు కింద మడిచి కుట్టడం, వదులు నడుము బిగించడం, పాడైన జిప్పు మార్చడం, కోటు భుజం విప్పి మళ్ళీ కూర్చోబెట్టడం. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఒక నిలువుటద్దం, బట్టలు మార్చుకోవడానికి మూల ఒక తెర. పిన్ని నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు ఉంటాయి కాబట్టి మాటలు తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. ఆమె పనితనానికి వంక పెట్టినవాడు ఆ వీధిలో లేడు. వంక పెట్టాలన్నా ముందు మనిషి షాపులోకి రావాలి, ఆ రావడమే తగ్గిపోయింది.

ఎందుకు తగ్గిందో ఎదురుగానే కనిపిస్తుంది. రోడ్డుకు అవతల కొరియర్ ఆఫీసు. జనం ఇంటర్నెట్లో బట్టలు తెప్పించుకుంటారు, అద్దం ముందు నిలబడి పెదవి విరుస్తారు, మళ్ళీ అదే సంచిలో కుక్కి వెనక్కి పంపడానికి అక్కడ వరసలో నిలబడతారు. పిన్ని మిషను దగ్గర కూర్చుని ఆ వరస చూస్తూ, ఆ నీలం గౌనుకు చంక కింద చిన్న కుట్టు వేస్తే చాలు, ఆ కోటుకు చేతులు కురచ చేస్తే చాలు అని తనలో తను అనుకునేది. కొరియర్ ఆఫీసుకు చోటు చాలడం లేదు. ఏడాది చివర్లో పిన్ని అద్దె ఒప్పందం అయిపోతుంది, ఆ గది మాకివ్వండి అని వాళ్ళు ఇంటాయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. ఇంటాయన మంచివాడే. షాపు నడుస్తున్నట్టు కనిపిస్తే పిన్నినే ఉండనిస్తానన్నాడు. ఈగలు తోలుకుంటూ కూర్చుంటే మాత్రం తనేం చేయలేనన్నాడు.

సరిగ్గా అప్పుడే చిట్టికి కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారు. నిజంగా నడుస్తున్న ఒక చిన్న వ్యాపారాన్ని తీసుకుని, ఇంటర్నెట్ సాయంతో దాని దశ తిప్పి చూపించాలి. వాళ్ళ లెక్చరర్ హుషారైన మనిషి. నిలబడి పాఠం చెప్పలేడు, బల్లల మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. మీ అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు, జనాన్నే అడగండి అనేవాడు. ఇన్నోవేషన్ అంటే చంద్రుడి మీదికి నిచ్చెన వేయడం కాదు, మనిషికీ అతనికి కావలసినదానికీ మధ్య ఏం అడ్డుందో చూసి దాన్ని తీసేయడం, అంతే అనేవాడు. ఆ మాట చిట్టి పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకుంది.

నిజం చెప్పాలంటే చిట్టి ఆలోచన మంచిదే. బట్ట నప్పలేదా, వెనక్కి పంపకుండా అది వేసుకుని ఫోటో తీసి పంపండి. సరవుతుందో లేదో గంటలో చెప్తాం. అవుతుందంటే రోడ్డు దాటి రండి. ఇదీ పథకం. ఆ ప్రకటన కొరియర్ ఆఫీసు చుట్టుపక్కల ఉన్న ఫోన్లలోనే కనిపించేలా పెట్టింది. వరసలో విసుగ్గా నిలబడి ఫోన్ గీకుతున్నవాడి కళ్ళెదుట, వాడి చేతిలోని సంచి గురించే ప్రకటన. పిన్నికి వివరిస్తే, నోట్లో సూదులు తీసి, ఇంత తెలివి మీ అమ్మ నుంచే వచ్చుంటుంది, మా వైపు నుంచి మాత్రం కాదు అంది. వాళ్ళిద్దరూ ఒక తల్లి పిల్లలేనన్న సంగతి మరిచిపోయి అందో, నవ్వించడానికి అందో చిట్టికి అర్థం కాలేదు.

ప్రకటన ముట్టుకుంటే తెరుచుకునే పేజీ మీద ఫోటో కావాలి కదా. పిన్ని ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని మిషను ముందు కూర్చుంది. నవ్వాలా అని అడిగింది. మామూలుగా ఉండు చాలు అంది చిట్టి. పిన్ని మామూలుగా ఉంటే టికెట్ లేని ప్రయాణికుణ్ణి పట్టుకున్న రైలు ఉద్యోగిలా ఉంటుంది. అలాగే వచ్చింది ఫోటో.

పాఠం ప్రకారం ఏ పేజీ అయినా రెండు రకాలుగా తయారు చేయాలి. వచ్చినవాళ్ళలో సగం మందికి ఒకటి, సగం మందికి రెండోది చూపించాలి. ఏది చూసినవాళ్ళు ఎక్కువగా ముందుకొస్తారో అది గెలిచినట్టు. మాటలు అవే ఉంచి, చిట్టి రెండో పేజీలో ఫోటో ఒక్కటే మార్చింది. మెడలో టేపు వేసుకుని నవ్వుతున్న దర్జీ అమ్మాయి కావాలని కంప్యూటర్‌కు రాస్తే, క్షణంలో గీసిచ్చింది. చక్కటి అమ్మాయి, వెలుగు నిండిన గది, పలువరస ముత్యాల్లా ఉంది. ఇలాంటి మనిషి ప్రపంచంలో ఎక్కడా లేదు. కింద చిన్న గడి ఉంది, గెలిచినదాన్నే ఇక అందరికీ చూపించమంటారా అని. అందరూ అవుననే పెడతారు. చిట్టి కూడా టిక్కు పెట్టి, పరీక్షల్లో పడి దాని సంగతే మరిచిపోయింది.

పరీక్షలయ్యేసరికి షాపు కళ తిరిగింది. ఇస్త్రీ బల్ల మీద బట్టలు గుట్టపడ్డాయి. పిన్నికి తల తిప్పుకునే తీరిక లేదు. ఇంటాయన ఒకసారి అటుగా వచ్చి, లోపలికి తొంగి చూసి, తల పంకించి వెళ్ళాడు. చిట్టి లాప్‌టాప్ తెరిచి ఏ పేజీ ఎంతమందిని తెచ్చిందో చూసింది. రెండు గీతలు కొంతదూరం కలిసి నడిచి, తరవాత విడిపోయాయి. ఒకటి పైకి వెళ్ళింది, ఒకటి నేల చూపులు చూసింది. పైకి వెళ్ళింది లేని అమ్మాయిది. కిందికి దిగింది పిన్నిది. ఆ తరవాత పిన్ని ఫోటో ఎవరికీ కనిపించనే లేదు. చిట్టికి ఏమీ అనిపించలేదు. గీతలు విడిపోయిన చోటు చూడ్డానికి బాగుందనుకుని, దాన్ని ప్రాజెక్టులో ఆరో పేజీగా పెట్టుకుంది.

మర్నాడు షాపు మూలలో కూర్చుని ఆ ప్రాజెక్టుకే మెరుగులు దిద్దుతుంటే ఒకాయన కోటు చేతి మీద వేసుకుని వచ్చాడు. ఫోన్ తెరిచి పిన్నికి చూపిస్తూ, ఈవిడ లేరా అని అడిగాడు. పిన్ని ఫోన్‌ను కాస్త దూరంగా పట్టుకుని చూసింది. షాపు తనదేనని, పని తనే చేస్తానని చెప్పింది. అతను ఫోన్‌నూ పిన్నినీ మార్చి మార్చి చూశాడు. కోప్పడలేదు. ఆవిడ ఉన్నప్పుడు వస్తానని మర్యాదగా చెప్పి కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక పిన్ని సూదులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

"ఎవరే ఆ పిల్ల?"

ఎవరూ కాదని, కంప్యూటర్ గీసిన బొమ్మని చిట్టి చెప్పింది. రెండు పేజీల సంగతి, సగం సగం సంగతి, అన్నీ వివరించింది. క్లాసులో చెప్పినంత స్పష్టంగా చెప్పింది. పిన్ని శ్రద్ధగా వింది.

"అయితే నన్ను చూసినవాళ్ళు రాలేదా?"

"వచ్చారు. తక్కువ."

"ఎందుకని?"

"తెలీదు పిన్నీ. ఎంతమందో చెప్తుంది, ఎందుకో చెప్పదు."

పిన్ని తల ఊపింది. ఆ కోటాయన లాగే ఇంకా కొందరు వచ్చి అడిగారని, ఎవరినో చూసి పొరబడ్డారనుకుని ఊరుకున్నానని చెప్పింది. తరవాత మిషను ముందు కూర్చుని ఒక ప్యాంటు అంచు కుట్టడం మొదలుపెట్టింది. కోప్పడి ఉంటే చిట్టికి సమాధానం సిద్ధంగా ఉంది. పిన్ని కోప్పడలేదు.

ప్రాజెక్టు చెప్పిన రోజు క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆరో పేజీ దగ్గర లెక్చరర్ నడక ఆపేసి నిలబడిపోయాడు. చూశారా, అడ్డేమిటో కనిపెట్టి తీసేసింది, దీన్నే నేను ఏడాది నుంచి మొత్తుకుంటున్నాను అన్నాడు. అడ్డు అన్న మాట దగ్గర చిట్టి కిందికి దిగిన గీతను ఇంకోసారి చూసింది. అయినా థాంక్యూ సర్ అని, తరవాతి పేజీకి వెళ్ళింది.

తిరిగొస్తున్నప్పుడు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చుని ఆలోచించింది. పిన్ని మొహం బాగాలేదని ఎవరూ అనలేదు. నోరు తెరిచి అనమంటే ఒక్కరూ అనరు, మొహమాటపడతారు. వరసలో నిలబడి, నచ్చినప్పుడు వేలితో ముట్టుకున్నారు, నచ్చనప్పుడు పైకి నెట్టేశారు, అంతే. కంప్యూటర్ లెక్కపెట్టింది. లెక్చరర్ పాఠం చెప్పాడు. తను ఒక గడిలో టిక్కు పెట్టింది. ఎవరి చేతికీ మట్టి అంటలేదు, ఒక మనిషిని మాత్రం ఆమె షాపులోంచే తీసేశారు. ఇంటర్నెట్ అంటే ప్రపంచమంతా ఒకచోటికి రావడమని చిన్నప్పుడు చదువుకుంది. వచ్చింది నిజమే, అందరూ ఎదురుగుండా నిలబడి ఒక్క మాటైనా అనకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోవడానికి వచ్చినట్టుంది.

ఫోన్ తీసింది. పిన్ని ఫోటో మళ్ళీ పెట్టడం ఎంతసేపు, ఒక్క నొక్కు. వేలు అక్కడే ఆగింది. పెడితే రేపటినుంచి మళ్ళీ షాపు ఖాళీ అవుతుంది. ఏడాది చివరికి కొరియర్ సంచులు వచ్చి ఆ గదిలో పడతాయి. పెట్టకపోతే షాపు ఉంటుంది, పిన్ని ఉండదు. రెండు పేజీలు చేసి జనానికి చూపించి తేల్చుకునే సంగతి కాదిది. దిగాల్సిన చోటు వచ్చింది, నొక్కకుండానే దిగింది. పిన్నినే అడుగుదామనుకుంది, మొదటే అడగాల్సిన మనిషిని.

తలుపు తోసేసరికి లోపల ఒకావిడ తెర వెనక నుంచి వచ్చి, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంటోంది. ముదురు ఆకుపచ్చ కోటు, భుజాలు ఆమె కోసమే కొలిచినట్టు కూర్చున్నాయి. పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని అంచు సరిచేస్తోంది. ఆవిడకు చాలా నచ్చింది. నిన్న ఫోటో పంపగానే మీ మేడం సరవుతుందన్నారు, నిజంగానే సరయింది, ఒకసారి పిలుస్తారా, కలిసి వెళ్తాను అంది.

"మేడం బయటికెళ్ళారండి," అంది పిన్ని. "నేను ఇక్కడ పని చేస్తాను."

మేడంకి చెప్పండి, చాలా బాగా చేయించారని, అంది ఆవిడ. చెప్తానండి అంది పిన్ని. గొంతులో వెటకారం లేదు, బాధా లేదు. రోజూ అనే మాటలా అనేసి, కోటు మడిచి, సంచిలో పెట్టి ఇచ్చింది. చిట్టి తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. సిగ్గుగా ఉంది. చాలా కాలానికి ఏదో ఒకటి అనిపించింది, అది కూడా సిగ్గే అయింది.

ఆవిడ వెళ్ళాక చిట్టి సంచి కూడా దించకుండా, ఫోటో మార్చేస్తాను పిన్నీ, నీదే పెడతాను, ఇప్పుడే పెడతాను అంది.

"వద్దు," అంది పిన్ని. "పొద్దున ఇంటాయన వచ్చాడు. ఇంకో మూడేళ్ళకు రాసిచ్చాడు."

పిన్ని మోకాళ్ళు దులుపుకుంది, మిషను మీది దారపు ముక్కలు ఏరి బుట్టలో వేసింది. నా మొహం చూసి ఆగిపోయేవాళ్ళు ఆ పిల్లను చూసి వస్తున్నారు, వచ్చాక పని చూసి మళ్ళీ వస్తున్నారు, నాకింకేం కావాలి అంది. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"అన్నట్టు, మీ మేడం పేరేంటని అడుగుతున్నారే. ఒకరికొకటి, ఇంకొకరికొకటి చెప్తే బాగుండదు. నువ్వే చూసి ఒకటి పెట్టు, అందరికీ అదే చెప్తాను."

చిట్టి నోటికి వచ్చింది పిన్ని పేరే. ఆ పేరే చెప్పింది.

పిన్ని తల అడ్డంగా ఊపింది. "అది నాది. అదైనా నాకుండనీ. ఇంకోటి చెప్పు."

లేని వస్తువులకు పేర్లు పెట్టడంలో చిట్టిని మించినవాళ్ళు క్లాసులో లేరు. ఆమె ఇంకో పేరు చెప్పింది. మరిచిపోకుండా ఉండడానికి పిన్ని దాన్ని పైకే రెండుసార్లు అనుకుంది, బాగుందే అంది.