తాత కొట్టనియ్యని తాడిచెట్టు

"అంకాలూ, తాటాకు చప్పుడు వినబడదేమే?"

చెంచయ్య గోడకు ఆనుకుని, చేతితో తడుముకుంటూ వల అల్లుతున్నాడు. చూపు పోయిన ముసలాయన. అంకాలమ్మ తాత, చనిపోయిన గంగులయ్యతో ఒకే పడవలో బతుకంతా గడిపిన మనిషి. మధ్యాహ్నమే అయినా సముద్రం మీద మబ్బు నల్లగా దిగింది. గాలి ఇసుకనెత్తి మొహాన కొడుతోంది.

"దిబ్బ మీది చెట్టు కొట్టించేసినా తాతా," అంది అంకాలమ్మ. "పొద్దున నాయనా, మా ఆయనా పడవ తోసుకుని పోయినాక మనుషుల్ని పిలిపించినా. ఇంటికి దూలం వద్దా? వాన నెత్తిమీదే కురస్తా ఉండె. నాయన్నడిగితే చూద్దాంలే అంటాడు. ఆయన్నడిగితే మీ నాయన్నడుగు అంటాడు."

చెంచయ్య చేతిలో వలసూది జారిపోయింది.

"వాళ్లు నీకు చెప్పలేదు బిడ్డా. చెప్పకూడదు. పడవ గురుతు ఒడ్డున నోటితో చెప్తే వేట పోతుందని కట్టుబాటు. పోతే పోయిందిలే, నేను చెప్తా ఉండా. సముద్రంలోంచి చూస్తే ఆ చెట్టు గంగమ్మ గుడికి అడ్డం రావాల. అప్పుడే పడవ ముందర లోతు. అటు జరిగినా ఇటు జరిగినా తిప్ప."

తిప్ప అంటే నీళ్ల కింది ఇసుకమేట. ఇలాంటి గాలిలో అలలు దానిమీద విరిగి పడవల్ని తిరగేస్తాయి. పోయినేడు పక్కపాలెం పడవ అలాగే పోయింది. మనుషులు దొరకలేదు.

అంకాలమ్మ దిబ్బ మీదికి పరుగెత్తింది. నరికిన మోడు ఇంకా తడిగా ఉంది. దక్షిణాన, దూరంగా మరో ఒంటి తాడిచెట్టు ఊగుతోంది. సముద్రంలో తమ పడవ తెరచాప ఆ దిక్కుకే జరుగుతోంది. మబ్బులో కనబడేది ఆ ఒక్క చెట్టే. అదే తాత చెట్టనుకుని, దాన్ని గుడికి అడ్డం తెచ్చుకోవాలని పోతున్నారు. నేరుగా తిప్ప మీదికి.

అరిచింది. గొంతు తనకే వినబడలేదు.

చిన్నప్పుడు మబ్బు పట్టిందంటే చాలు, తాత తనను భుజాల మీద ఎక్కించుకుని ఇక్కడికే తెచ్చేవాడు. ఎర్ర తలపాగా విప్పి చేతికిచ్చి, "ఆడించు బిడ్డా, మీ నాయన చూస్తాడు," అనేవాడు. తను అలిసిపోయి చేతులు దించితే, బెల్లంముక్క నోట్లో పెట్టి మళ్లీ ఎత్తించేవాడు. ఈ చెట్టుకు ఎవరు మేకను కట్టినా తిట్టేవాడు. "ఇది నీకు అన్న వరస" అని మొక్కించేవాడు. ముసలాడి చాదస్తమని నవ్వుకుంది ఇన్నేళ్లూ. నోటితో చెప్పకూడనిది తాత తన చేతికి నేర్పాడు. తనకే అర్థం కాలేదు.

ఇంట్లోకి దూకినట్టే వెళ్లింది.

"అవ్వా, తాత తలపాగా ఇయ్యి."

అవ్వ పోలేరమ్మ పెట్టె మీద చెయ్యి వేసింది. తను పోతే మీద కప్పమని దాచుకున్న గుడ్డ అది.

"ఎందుకే?"

"నాయనా, ఆయనా తిప్ప మీదికి పోతా ఉండారు. చెట్టు నేనే కొట్టించినా."

అవ్వ తిట్టలేదు. పెట్టె తెరిచింది. "ఆయన దగ్గరికి ఒట్టి ఒంటితోనే పోతాలే. గుడ్డేదే అంటే నీ పేరు చెప్తా."

చూరు కింద తాత పడవ తెరచాప కొయ్య ఉంది. ఇద్దరూ దాన్ని ఈడ్చుకుంటూ దిబ్బ ఎక్కించారు. చెంచయ్య గాలికెదురుగా పాకుతూ వచ్చాడు. ఆడవాళ్లిద్దరూ తలపాగాను కొనకు కట్టి, కొయ్యను మోడుకు ఆనించి నిలబెడితే, అతను వలతాడుతో బిగించి కట్టేశాడు.

వాన దిగింది. గుడ్డ తడిసి కొయ్యకు చుట్టుకుపోయింది. పడవ తిరగలేదు.

"ఏమైందే?" చెంచయ్య అడిగాడు.

"అట్నే పోతా ఉండారు తాతా."

ఆడించు బిడ్డా.

"కట్లు వదులు చెయ్యి," అంది అంకాలమ్మ. "తాళ్లు చెరో పక్కా పట్టుకుని లాగండి. కొయ్య ఊగాల."

మోడు ఎక్కి కొయ్యను కావిలించుకుంది. అవ్వ అటు, చెంచయ్య ఇటు. కొయ్య ఊగింది. గుడ్డ విడివడి పైన చెళ్లుమంది. వానతెర అడ్డమొచ్చి సముద్రం కనబడకుండా పోయింది. అరచేతులు చీరుకుపోతున్నా ఊపుతూనే ఉంది. ఎవరు చూస్తున్నారో తెలియదు. ఆ నీళ్లలో ఎవరైనా మిగిలారో లేదో.

వాన పలచబడింది. తిప్ప మీద నురగ. పడవ లేదు.

అవ్వ తాడు వదిలేసి కూలబడింది.

"తెడ్లు," అన్నాడు చెంచయ్య తల పక్కకి వంచి. "తెడ్ల చప్పుడే అది. ఎదురుగా."

తెరచాప దించేసిన పడవ, సగం నీళ్లతో, గుడికేసి ముక్కు పెట్టి నేరుగా వస్తోంది.

ఆమె భర్త మస్తానయ్య ఒడ్డున పడి వాంతి చేసుకున్నాడు. "మీ నాయన ఎర్రగుడ్డ చూసి ఏడ్చినాడు," అన్నాడు. "'మా నాయన పిలస్తా ఉండాడు, పడవ తిప్పరా' అన్నాడు."

తండ్రి చిన్నపోలయ్య దిబ్బ ఎక్కి మోడును చూశాడు. చెయ్యెత్తాడు. కొడతాడనుకుంది. కొయ్య మీద బిగుసుకుపోయిన కూతురి వేళ్లను ఒక్కొక్కటే విప్పాడు.

"ఆ మాను ఇంట్లోకి ఎత్తొద్దు," అన్నాడు. "గుంట తవ్వి ఈడే నిలబెట్టాల. ఇల్లు కురవనీ."